రెండు లిపుల్లో ఒకే అంచు

మా వదిన నాతో మాట్లాడటం మానేసిన రోజున నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. ఫోన్ చేసి, "మరదలా, ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. గా కమిటీల నువ్వున్నవా?" అంది. ఉన్నానన్నాను. "సరే" అని పెట్టేసింది. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

వదిన అంటే మా మేనత్త కూతురు. ఆ అత్త మా బాపుకు ఒక్కతే చెల్లెలు. నారాయణపేటలో పుట్టి, సరిహద్దు దాటి కర్ణాటకలోని ఒక నేత ఊరికి కోడలిగా వెళ్ళింది. సరిహద్దు అంటే పెద్దగా ఏమీ లేదు. ఒక బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కుతాం, బోర్డుల మీది అక్షరాలు కొంచెం మారుతాయి, అంతే. వెళ్ళేటప్పుడు అత్త తన తండ్రి మగ్గం మీద నేర్చుకున్న పనిని వెంట తీసుకెళ్ళింది. ముదురు ఎరుపు పట్టీ, దాని మీద మొనదేలి లేచే చిన్న చిన్న గోపురాలు. ఇక్కడ మా బాపు, అక్కడ మా అత్త, ఆమె చేతులు సాగనప్పుడు వదిన, అందరూ చీరలకు నేసింది ఆ అంచే.

పేటలో మా ఇంటి ముందు తాత ఒక చెక్క పలక మీద 'అంచు' అని రాయించి వేలాడదీశాడు. అత్త తన ఇంటి ముందు అదే మాటను కన్నడంలో రాయించుకుంది. రెండు భాషల్లోనూ మాట ఒకటే, అర్థం ఒకటే. రాసే తీరు కూడా దాదాపు ఒకటే. చిన్నప్పుడు సెలవులకు అత్త దగ్గరికి పోతే ఆ ఊళ్ళో నేను చదవగలిగిన మొదటి మాట అదే. కన్నడం రాకుండానే చదివేదాన్ని. వదిన నా కంటే కొన్నేళ్ళు పెద్దది. కన్నడ బడిలో చదువుకున్నా మా ఇంటికొస్తే మా పలకను అట్లాగే చదివేది; పోను పోను తెలుగు రాయడం కూడా నేర్చుకుంది. మా ఇద్దరికీ అదొక ఆటగా ఉండేది.

నేను మగ్గం మీద కూర్చోలేదు. హైదరాబాద్ పోయి అక్షరాలు గీసే పనిలో పడ్డాను. ఫోన్లలో, కంప్యూటర్లలో మనం చదివే తెలుగు అక్షరాలను ఎవరో ఒకరు గీయాలి గదా. 'థ' కడుపులో చుక్క ఎంత ఉండాలి, 'ధ' అడుగున గీత ఎంత దిగితే చిన్న తెర మీద జనం దాన్ని 'ద' అని చదవకుండా ఉంటారు, ఇట్లాంటివే నా రోజువారీ లెక్కలు. ఈ పనిని బాపుకు వివరించడం కష్టమయ్యేది. "అక్షరాలు ఎప్పుడో పుట్టినయ్ గదా బిడ్డా, మళ్ల నువ్వేం గీస్తున్నవ్?" అనేవాడు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు వెబ్‌సైట్ల పేర్లు మన భాషల్లోనే పెట్టుకునే పని ఊపందుకుంది. ఇంగ్లిష్ అక్షరాలు రానివాళ్ళు కూడా తెలుగులో పేరు కొట్టి కావలసిన చోటికి చేరుకోవాలని ఉద్దేశం. దానికి నియమాలు రాయడానికి వేసిన కమిటీలో భాష తెలిసిన పెద్దలు, కంప్యూటర్ తెలిసిన కుర్రవాళ్ళు ఉన్నారు. చూపుకు ఏ అక్షరం ఏ అక్షరంలా కనిపిస్తుందో చెప్పడానికి నన్ను పిలిచారు.

అసలు చిక్కు ఇది. కంప్యూటర్‌కు తెలుగు 'అ' వేరు, కన్నడ 'అ' వేరు. లోపల వాటి సంఖ్యలు వేరు. మన కంటికి మాత్రం రెండూ ఒకటే. తెలుగు అక్షరాలకు తలకట్టు టిక్కు పెట్టినట్టు ఉంటుంది, కన్నడంలో అది బల్లపరుపుగా సాగి చివర వంగుతుంది. పక్కపక్కన పెద్దగా రాసి చూపిస్తే తేడా తెలుస్తుంది. బొటనవేలంత జాగాలో, ఎండలో, నడుస్తూ చూస్తే తెలియదు. ఒకరు తెలుగులో పేరు పెట్టుకుని నమ్మకంగా వ్యాపారం చేసుకుంటుంటే, ఇంకొకరు అదే పోలికతో కన్నడంలో పేరు తీసుకుని వాళ్ళలా నటించవచ్చు. పేరు చివర చుక్క తర్వాత వచ్చే 'భారత్'ను తెలుగులో పొల్లుతో, కన్నడంలో పొల్లు లేకుండా రాస్తారు కానీ, పేరు చివరి దాకా చదివేవాళ్ళు ఎంతమంది?

నియమాలు మాలో మేమే రాసుకోకుండా మామూలు మనుషులకు చూపించి అడగాలని కమిటీలో అనుకున్నాం. నేను పేర్లను చిన్న అట్టముక్కల మీద అచ్చు వేయించి, ఎక్కడికి పోయినా సంచిలో పెట్టుకుని పోయేదాన్ని. నల్లగొండ వైపు ఒక పెళ్ళికి పోతూ నార్కట్‌పల్లి దగ్గర ఛాయ్ తాగడానికి ఆగాం. ఆ ఊరి పేరు మాకు అప్పటికే తలనొప్పి. 'ట్' తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు పెడితేనే పొల్లు విడిగా నిలుస్తుంది. పెట్టకపోతే 'ప' పోయి 'ట' కింద వత్తుగా చేరుతుంది. కనిపించని గుర్తును ఎవరు మాత్రం గుర్తుపెట్టుకుని కొడతారు? అందుకే దాన్ని పేర్లలోకి రానీయకూడదని కమిటీ అనుకుంటోంది. వత్తుతో ఉన్న అట్టను హోటల్ యజమానికి చూపించాను. చాలాసేపు చూసి తిరిగి ఇచ్చేశాడు.

"గిదేం ఊరమ్మా?"

"మీ ఊరే."

"మా ఊరు గిట్ల లేదు. మా బోర్డు సూడు" అని గల్లా వెనుక గోడ చూపించాడు. తర్వాత కొంచెం ఆలోచించి, "ఓటలుకు ఒచ్చేటోళ్ళు ఎట్లనన్న ఒస్తరు గనీ, పేరు ఖరాబ్ చెయ్యకుండ్రి" అన్నాడు. ఆ మాటను కమిటీలో చెప్పాను. అందరూ విన్నారు. గుర్తును మాత్రం రానీయలేదు. ఒక పేరును ఇద్దరు రెండు రకాలుగా కొడితే ఇద్దరూ రెండు చోట్లకు పోతారు, అది ఇంకా ప్రమాదం. నేనూ దానికి ఒప్పుకున్నాను. ఏ నియమం రాసినా ఎవరికో ఒకరికి నొప్పి కలుగుతుందని నాకు అప్పుడే తెలియడం మొదలైంది. ఆ ఎవరో ఒకరు నా దగ్గరివాళ్ళు అవుతారని మాత్రం ఊహించలేదు.

పేటకు పోయినప్పుడు బాపుకూ అట్టలు చూపించాను. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. 'అంచు' తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి చేతికిచ్చాను. దగ్గరికి తెచ్చి, దూరం పెట్టి, వెలుతురు వైపు తిప్పి చూశాడు.

"ఒకటే అట్ట రెండుసార్లు ఎందుకు కొట్టిచ్చినవ్ బిడ్డా?"

"రెండూ ఒకటేనా బాపు? మంచిగ చూడు."

"మంచిగనే చూస్తున్న. రెండూ మన పలకనే."

జీవితమంతా పోగు పోగునూ వేరు చేసి చూసిన మనిషి ఆయన. ఆయనకే తేడా కనిపించకపోతే ఇంకెవరికి కనిపిస్తుంది అనుకున్నాను. తర్వాతి సమావేశంలో ఎవరని చెప్పకుండా ఆ సంగతి చెప్పాను. కన్నడం తరఫున వచ్చిన ఒక పెద్దాయన అడ్డు చెప్పారు. "సరిహద్దు ఊళ్ళలో ఒకే మాట రెండు భాషలవాళ్ళదీ అవుతుంది. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి తలుపు మూస్తే, మూసినవాళ్ళకు ఏం జవాబు చెప్తారు?" అన్నారు. పేరు దొరకనివాళ్ళు ఇంకో పేరు వెతుక్కోవచ్చు, మోసపోయినవాళ్ళకు మాత్రం పోయింది తిరిగిరాదు అన్నాను నేను. చాలాసేపు వాదన జరిగింది. చివరకు, చూపుకు ఒకటిగా ఉండే రెండు పేర్లు ఇద్దరి చేతుల్లో ఉండకూడదని తేలింది. ముందు అడిగినవాళ్ళకు ఒకటి ఇస్తారు, రెండోది మూసేస్తారు. రెండూ కావాలంటే ఒక్కరే తీసుకోవాలి.

ఆ తర్వాత జరిగిందాంట్లో ఎవరి కుట్రా లేదు. బాపు మగ్గాలను చూసుకునే మా తమ్ముడు, తెలుగు పేర్లు ఇస్తున్నారని పేపర్లో చదివి, మా పలక మీది మాటనే అడిగాడు. దొరికింది. చీరల ఫొటోలు పెట్టాడు. హైదరాబాద్ నుంచి, కరీంనగర్ నుంచి ఆర్డర్లు రావడం మొదలైంది. నాకు గర్వంగా ఉండింది. ఫోన్‌లో తెలుగు అక్షరాలు కొడితే మా ఇంటి వాకిలి తెరుచుకున్నట్టు అనిపించేది.

కొన్ని నెలలకు వదిన అడిగింది. అప్పటికి ఆమె ఊళ్ళో ఇంకొందరు ఆడవాళ్ళను కూడగట్టి మగ్గాలు నడిపిస్తోంది. పేరు ఎట్లాగూ తమదే గదా అని ముందే గుడ్డ సంచుల మీద అచ్చు వేయించింది. అడిగిన పేరు దొరకదని ఇంగ్లిష్‌లో ఒక్క ముక్క జవాబు వచ్చింది. ఎందుకు దొరకదో లేదు. కంప్యూటర్ తెలిసిన వాళ్ళెవరినో అడిగితే, తెలుగులో ఎవరో తీసుకున్నారు, అందుకని నీకు మూసేశారు అని చెప్పారట. ఆ తీసుకున్నది ఎవరో చూసుకుంది. నాకు ఫోన్ చేసింది.

ఆ వర్షాకాలం పోయాక బాపు కళ్ళు బాగా మసకబారాయి. మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోతే శుక్లాలు అన్నారు. ముదిరి చాలా కాలమైందట. ఒక కన్ను తర్వాత ఒక కన్ను ఆపరేషన్ చేశారు. అత్తకు కబురు చేశాం. బాపుకు జ్వరం వచ్చిందంటే సరిహద్దు దాటి వచ్చే మనిషి ఆ రెండుసార్లూ రాలేదు. తలుపు చప్పుడైనప్పుడల్లా బాపు తల తిప్పేవాడు. రెండో కట్టు విప్పాక నన్ను అడిగాడు.

"మీ అత్తకేమైంది?"

అప్పటిదాకా ఆయనకు ఎవరమూ చెప్పలేదు. అప్పుడు చెప్పాల్సి వచ్చింది. సంచిలోంచి అట్టలు తీసి, సంగతి ఇదీ అని మొదటినుంచి వివరించాను. ఆయన రెండు అట్టలూ అందుకున్నాడు. ఈసారి దూరం పెట్టలేదు, వెలుతురు వైపు తిప్పలేదు.

"గిది మనది. గిది మీ అత్తోళ్ళది" అన్నాడు వెంటనే. "తలకాడ జూడు, ఎంత తేడా ఉన్నదో. నువ్వు అక్షరాలు గీస్తవ్ గదా, నీకు కనవడలేదా?"

ఆయనకు ఒకటిగా కనిపించిన రోజున ఆయన కళ్ళ ముందు పొర ఉందని నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. మరుసటి సమావేశంలో ఈ సంగతిని కూడా దాచకుండా చెప్పాను. అధ్యక్షుడు నా వైపు చూసి, "అయితే నియమం మార్చమంటారా?" అని అడిగారు. ఆ ప్రశ్నను దారి పొడుగునా నేనే వేసుకుంటూ వచ్చాను. వద్దన్నాను. కళ్ళ ముందు పొర ఉన్నవాళ్ళు కూడా ఫోన్ చూస్తారు. తమ కళ్ళ ముందు పొర ఉందని తెలియనివాళ్ళు ఇంకా ఎక్కువమంది. పగిలిన తెర మీద చదివేవాళ్ళు, అక్షరాలు కూడబలుక్కునేవాళ్ళు, బస్సు కదిలిపోతుంటే తొందరలో చూసేవాళ్ళు, వీళ్ళందరికీ తేడా కనిపించదు. బాగా కనిపించేవాళ్ళను బట్టి నియమం రాస్తే మిగిలినవాళ్ళను వదిలేసినట్టే. అప్పుడూ అదే అనుకున్నాను, ఇప్పుడూ అదే అనుకుంటున్నాను. అయినా ఆ రోజు ఇంటికి వస్తుంటే మనసు కుదురుగా లేదు.

"పోదాం పాండ్రి" అన్నాడు బాపు, నల్లద్దాలు పెట్టుకుని బయటికి తిరగొచ్చని డాక్టర్ చెప్పగానే. తమ్ముడు, నేను, బాపు ముగ్గురం బయల్దేరాం. సరిహద్దు దగ్గర బస్సు మారేటప్పుడు బాపు బోర్డులన్నీ తలెత్తి చదువుతూ నిలబడ్డాడు. కన్నడం బోర్డులు కూడా.

అత్త గడపలో కూర్చుని ఉంది. అన్నను చూసి లేచింది. దగ్గరికి రాలేదు.

"కండ్లు మంచిగైనయా అన్నా?"

"అయినయ్. నిన్ను చూద్దామనే ఒచ్చిన."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల మగ్గం చప్పుడు ఆగలేదు. వదిన మమ్మల్ని చూసింది, చూపు తిప్పుకుని నేస్తూనే ఉంది. మూలన గుడ్డ సంచులు కట్టలు కట్టలుగా పడి ఉన్నాయి. వాటి మీద ఎర్రరంగులో ఆ మాట. కాసేపటికి అత్తే లోపలికి వెళ్ళి, "ఇంటికొచ్చినోళ్ళకు నీళ్ళన్న ఇయ్యవా?" అంటే లేచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. నా చేతికి ఇవ్వకుండా నా ముందు పెట్టింది.

"వదినె, తమ్ముడు కావాలని చెయ్యలే" అన్నాను.

"నేనన్నానా?"

"మోసం చేసేటోళ్ళ కోసం పెట్టిన రూల్ గది."

"అంటే నేను మోసం చేస్తనని మీ మిషన్ అనుకున్నదా?"

"మిషన్‌కు నువ్వెవరో తెల్వదు వదినె."

"నీకు తెల్సు గదా."

ఆమె గొంతు పెంచలేదు. మగ్గం చట్రం మీద చెయ్యి ఆనించి నిలబడి, మాట మాటా విడిగా అంది. "ముందు అడిగినోళ్ళదే పేరు అని రాసింది మీరే. ముందు అడిగింది మీరే. మా అమ్మ గా మాటను ఈ ఊరికి తెచ్చినప్పుడు ఎవలూ ఆమెను ముందు అడిగినవా, ఎనుక అడిగినవా అనలే. ఈ ఆడోళ్ళందరికి మన పేరే ఉంటదని చెప్పిన. ఇప్పుడు వీళ్ళకేం చెప్పాలె? మా మేనమామోళ్ళే తీస్కున్నరని చెప్పాలెనా?"

కమిటీలో ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న ఇదే. అప్పుడు అది ఒక వాదన మాత్రమే. ఇప్పుడు నా ముందు ఒక మనిషి నిలబడి ఉంది.

తమ్ముడు అప్పటిదాకా గోడకు ఆనుకుని తల వంచుకుని ఉన్నాడు. "వదినె, నేను ఇడిసిపెడ్త. రెండు భాషలల్ల నువ్వే తీస్కో" అన్నాడు.

వదిన వాడి వైపు తిరిగింది. "ఇడిసిపెట్టి? నీకొచ్చేటోళ్ళు గదే పేరు కొడితే, వాళ్ళకు రాని భాషల మా చీరలు కనవడ్తయ్. వాళ్ళేమనుకుంటరు? గప్పుడు మోసం జేసింది నేనైత." అని, "గట్లొద్దు" అంది.

వాడు వదిలేసిన మరుక్షణం ముక్కూమొహం తెలియని వాళ్ళెవరైనా దాన్ని ఎగరేసుకుపోవచ్చని నేను చెప్పాను. రెండు పేర్లూ ఒకరి చేతిలో ఉండొచ్చని, మన రెండిళ్ళూ ఒక్క సంఘంగా కలిస్తే రెండు భాషల్లోనూ తీసుకోవచ్చని కూడా చెప్పాను. వదిన వెంటనే తల అడ్డంగా ఊపింది. "మీతోని నాకు ఫికర్ లేదు. మా ఆడోళ్ళు ఈడ కష్టపడి నిలబెట్టుకున్నదాన్ని పేట సంఘం కింద పెట్ట. రేపు మనం ఉండం. అప్పుడు లెక్కలు ఎవలు జూస్తరు?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. తమ్ముడు కూడా కాదనలేదు.

అత్త వంట మొదలుపెట్టింది. బాపు పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరూ ఈ గొడవ ఎత్తకుండా పాత మగ్గం గురించి, చచ్చిపోయిన చుట్టాల గురించి మాట్లాడుకుంటున్నారు. జొన్నరొట్టెలు తినేటప్పుడు తమ్ముడే మళ్ళీ ఎత్తాడు.

"దుకాణంల ఎవలన్న ఒచ్చి అంచు చీర గావాలె అంటే, ఏ ఊరిది అని అడుగుతం గదా వదినె. పేటదా, మీ ఊరిదా అని. మావోళ్ళల్ల శానమంది మీ ఊరిదే అడుగుతరు. ఫోన్‌ల గూడ గట్లనే అడిగితే? పేరు కొట్టంగనే ఏమీ అమ్మకుండా, ఏ ఊరిది గావాలె అని అడగాలె. మీది నొక్కితే మీకాడికి, మాది నొక్కితే మాకాడికి. మీకు, మాకు ఊరి పేరు కలిపి వేరే పేర్లు తీస్కుందాం. ఊర్ల పేర్లు చూడనీకె ఒక్కతీరు ఉండయ్ గదా అక్కా?"

ఉండవన్నాను.

వదిన రొట్టె విరుస్తూ, "ఎవలి ఊరు పైన ఉంటది?" అని అడిగింది.

పక్కపక్కన పెడతానన్నాడు తమ్ముడు. ఫోన్‌లో అంత జాగా ఉండదని, ఒకటి పైన, ఒకటి కింద రావాల్సిందేనని నేను చెప్పాల్సి వచ్చింది. చెప్తుంటే నా మీద నాకే చిరాకేసింది. వదిన నా ముఖం వైపు చూసింది. ఫోన్ పెట్టేసిన రోజు తర్వాత ఆమె నన్ను నేరుగా చూడటం అదే మొదటిసారి.

"మా అమ్మ పుట్టిన ఊరు పైననే పెట్టుండ్రి. నేను అడ్డం రాను" అంది. ఆ మాటలో ఇష్టం లేదు. తల్లి ముఖం చూసి ఒప్పుకుంది.

తమ్ముడు చెప్పినట్టే చేశాడు; కన్నడంలో కొట్టినా అదే ప్రశ్న వచ్చేటట్టు ఆ పేరు కూడా తనే తీసుకున్నాడు. కన్నడంలో రాయాల్సింది వదిన రాసిచ్చింది. సంచులు పారేయకుండా ఒక రబ్బరు ముద్ర చేయించి, పాత మాట పైన ఊరి పేరు వచ్చేటట్టు ఆడవాళ్ళందరూ కూర్చుని ఒక్కో సంచి మీదా కొట్టుకున్నారు. కొన్నింటి మీద సిరా చెదిరి ఊరి పేరు సరిగా కనిపించదు. అట్లాంటిది ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, అందులో కూరగాయలు తెచ్చుకుంటాం. తమ్ముడికి ఆర్డర్లు కొంచెం తగ్గాయి. ఏ ఊరిది అని అడిగేసరికి కొంతమంది ఏమీ నొక్కకుండానే వెళ్ళిపోయేవాళ్ళట. ఆ సంగతి వాడు వదినకు చెప్పలేదు.

ఆమె నాతో మళ్ళీ మాట్లాడింది గానీ మునుపటిలా కాదు. పండుగలకు ఫోన్ చేసేది, బాగోగులు అడిగి పెట్టేసేది. 'మరదలా' అనే పిలుపు చాలాకాలం వినపడలేదు.

బాపు పోయినప్పుడు అందరి కంటే ముందు వచ్చింది వదినే. తల్లిని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో మా వాకిలి తలుపు పట్టుకుని నిలబడింది. అత్త అన్న కాళ్ళ దగ్గర కూలబడిపోయింది. కర్మలు అయ్యేదాకా వదిన మా ఇంట్లోనే ఉంది, పొయ్యి దగ్గర నుంచి వచ్చినవాళ్ళకు చాపలు పరిచే దాకా అన్నీ తనే చూసుకుంది. చుట్టాలు వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం ఇద్దరం మగ్గం గదిలో కూర్చున్నాం. బాపు సగం నేసి వదిలిన చీర అట్లాగే ఉంది. వదిన పోగుల మీద చెయ్యి ఆడించింది.

"మరదలా, నాకు పేరు రాలేదని బాధ కాలేదు" అంది ఉన్నట్టుండి. "గా రోజు నాకొచ్చిన జవాబుల ఒక్క ముక్కనే ఉండె. దొరకది అని. ఎందుకో రాయలే. ఎందుకో రాయకపోతే మనిషి ఏమనుకుంటడు? తనంతట తనే ఏదో ఒకటి అనుకుంటడు. మీరే కావాలని మూసిండ్రని నేను అనుకున్న. మా మామకు కండ్లు కనవడకపోతే గూడ రాలే."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

హైదరాబాద్ వెళ్ళాక కమిటీలో ఆ ఒక్క విషయం పట్టుకున్నాను. పేరు ఇవ్వలేనప్పుడు కారణం చెప్పాలి, అది అడిగిన మనిషి భాషలో చెప్పాలి అన్నాను. అది మన పని కాదు, పేర్లు అమ్మేవాళ్ళ పని అన్నారు కొందరు. నియమం మనది, కాబట్టి దానికి జవాబు కూడా మనమే రాసివ్వాలి అన్నాను. కన్నడం తరఫు పెద్దాయన ఈసారి నా పక్షాన మాట్లాడారు. చివరకు, ఏదైనా రాసి తెండి చూద్దాం అన్నారు.

తెలుగులో నేనే రాశాను. కన్నడంలోకి మార్చమని వదినకు పంపాను. పంపింది గానీ దాంతో పాటు నా తెలుగును కూడా దిద్ది పంపింది. నేను, "మీరు కోరిన పేరును పోలిన పేరు మరొక లిపిలో నమోదై ఉన్నందున" అని మొదలుపెట్టాను. ఫోన్ చేసి, "గిదేంది, కోర్టు నోటీసు లెక్క ఉన్నది. సదివేటోళ్ళు సగంలనే భయపడ్తరు" అంది. ఇద్దరం కూర్చున్నట్టే ఫోన్‌లో ఒక్కో మాటా మార్చుకుంటూ పోయాం. చివరకు ఇట్లా కుదిరింది: "మీరు అడిగిన పేరు మంచిదే. కానీ చూడటానికి అచ్చం ఇట్లాగే ఉండే పేరు ఇంకో లిపిలో ఒకరికి ఉంది. చదివేవాళ్ళు ఒకటి అనుకుని ఇంకొకదాని దగ్గరికి పోకుండా దీన్ని వేరే ఎవరికీ ఇవ్వడం లేదు. మీ మీద అనుమానంతో కాదు."

ఆ చివరి వాక్యం వదినది. కమిటీలో దాన్ని తీసేద్దామన్నారు, అనవసరం అన్నారు. నేను పట్టుబట్టాను. కొంచెం కత్తిరించారు గానీ అదైతే మిగిలింది.

పోయిన చలికాలం వదిన ఫోన్ చేసింది. వాళ్ళ వీధిలో బెల్లం వ్యాపారి ఒకాయన ఏదో పేరు అడిగితే రాలేదట. వచ్చిన జవాబు తెచ్చి చూపించాడట. వదిన దాన్ని చదివి, ఇది మేము రాసిందే అని చెప్పలేదట. "మరి ఏమన్నడు?" అని అడిగాను. "ఏమంటడు, మస్తు తిట్టిండు. రూల్ పెట్టినోళ్ళందరినీ తిట్టిండు" అని, "గా పేరు ఉన్నది ఆడ పేటల వాళ్ళ అన్నకే. ఆయన్ని మాత్రం ఏమీ అనలే" అంది.